కొలిచిన మైలేజీ అంకెను కొనేవాడికి చూపించండి: పెద్ద డీజిల్ పికప్‌ల గురించి ఒక బహిరంగ లేఖ

అమెరికాలో హెవీ డ్యూటీ వాహనాల ఇంధన నిబంధనలు రాసే అధికారులకు, త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ (అంటే 2500, 3500 తరగతి పెద్ద) పికప్ ట్రక్కులు తయారుచేసే కంపెనీల పెద్దలకు, వాటిని అమ్మే డీలర్లకు

నమస్కారం.

ఈ లేఖలోని సంగతులు మీలో కొందరికి కొత్తవి కావు. ట్రక్కు కొన్నచోట అడిగాం, కస్టమర్ కేర్‌కి రాశాం, నిబంధనల మీద ప్రజల అభిప్రాయాలు పంపమన్నప్పుడు పంపాం. ఒకచోట నుంచి "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, ఇంకోచోట "అది మీరు నడిపేదాన్ని బట్టి ఉంటుంది" అన్నారు, మిగతా చోట్ల నుంచి అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరికీ కనపడేలా రాస్తున్నాం. తెలుగులో ఎందుకంటే, ఈ దేశంలో ట్రైలర్ లాగి బతికే మనవాళ్ళు, పొలం పనికో గుర్రాలకో క్యాంపింగ్‌కో పెద్ద ట్రక్కు కొనబోతున్న మనవాళ్ళు కూడా దీన్ని చదివి, తామేం అడగాలో తెలుసుకోవాలని.

ఆరున్నర, ఏడు లీటర్ల డీజిల్ ఇంజన్ నుంచి వెయ్యి పౌండ్-ఫీట్ టార్క్ (తిప్పే బలం) రాబట్టి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే మసి అంటకుండా చేసిన ఇంజనీర్ల పనితనం మీద మాకు గౌరవం ఉంది. మా ఫిర్యాదు ఇంజన్ మీద కాదు. ఆ ఇంజన్ ఎంత తాగుతుందో కొనేవాడికి ముందుగా చెప్పకపోవడం మీద.

సంగతి ఇదీ.

డీలర్ యార్డ్‌లోకి వెళ్ళి హాఫ్ టన్ ట్రక్కు, అంటే 1500 తరగతి చిన్న పికప్, దగ్గర నిలబడండి. అద్దానికి అంటించిన విండో స్టిక్కర్ మీద సిటీలో ఎంత, హైవేలో ఎంత, 100 మైళ్ళకు ఎన్ని గాలన్లు, ఏడాదికి ఇంధనం ఖర్చు ఎంత, సగటు వాహనంతో పోలిస్తే అయిదేళ్ళలో ఎంత మిగులు లేదా ఎంత అదనం, అన్నీ అచ్చువేసి ఉంటాయి. 2020 మోడల్ సిల్వరాడో 1500 మూడు లీటర్ల డీజిల్, టూ వీల్ డ్రైవ్ తీసుకుంటే సిటీలో గాలన్‌కి 23 మైళ్ళు, హైవేలో 33 అని ఉండేది. నాలుగడుగులు పక్కకు వేసి అదే కంపెనీ 2500 దగ్గరికి రండి. ఇంజన్ రెండు రెట్లకు పైగా పెద్దది, ధర ఎక్కువ, ట్యాంకు పెద్దది. స్టిక్కర్ మీద మైలేజీ గడి మాత్రం లేదు. ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350 అయినా అంతే, రామ్ 2500, 3500 అయినా అంతే. ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ డీజిల్ కాల్చే బండి కొనేవాడికే తక్కువ సమాచారం ఇస్తున్నారు.

దీనికి కారణం మాకు తెలుసు. బండి, అందులో వేసే సరుకు, మనుషులు అంతా కలిపి మోయగల బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటితే ఆ స్టిక్కర్ చట్టం వర్తించదు. 1975లో ఇంధన పొదుపు చట్టం వచ్చినప్పుడు అంత పెద్ద ట్రక్కు అంటే రైతుదో కాంట్రాక్టరుదో అనుకుని ఉండొచ్చు, అప్పటికి అది సరే. ఇవాళ ఆ ట్రక్కులే పిల్లల్ని స్కూల్లో దింపుతున్నాయి, వారమంతా సైటుకు వెళ్ళి ఆదివారం ఇంటిల్లిపాదినీ తిప్పుతున్నాయి. పైగా బరువే అడ్డంకి అనడానికి కూడా లేదు. 8,500 నుంచి 10,000 పౌండ్ల మధ్య ఉండే పెద్ద ఎస్‌యూవీలకు, ప్యాసింజర్ వ్యాన్లకు 2011 మోడల్ నుంచి స్టిక్కర్ తప్పనిసరి చేశారు కదా. ఆ బరువులోనే ఉన్న పికప్‌ను మాత్రం వదిలేశారు. వెనక సీట్లు ఉంటే అంకె ఉంటుంది, వెనక తొట్టి ఉంటే ఉండదు.

ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఈ ట్రక్కుల ఇంధన వినియోగం ఎవరూ కొలవడం లేదని చాలామంది అనుకుంటున్నారు. కొలుస్తున్నారు. 2007లో వచ్చిన చట్టం వీటికి కూడా ప్రమాణాలు పెట్టమంది. 2011లో పర్యావరణ సంస్థ ఈపీఏ, రవాణా శాఖకు చెందిన ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కలిసి మొదటి విడత నిబంధనలు తెచ్చాయి. 2014 మోడల్ నుంచి మొదలుపెట్టి 2018 నాటికి డీజిల్ పికప్‌లు, వ్యాన్లు దాదాపు 15 శాతం, పెట్రోలువి 10 శాతం మెరుగుపడాలని అందులో లెక్క. 2016లో రెండో విడత తెచ్చి 2021 నుంచి 2027 దాకా ఏటా రెండున్నర శాతం అన్నారు. ఈ ప్రమాణాలకు సరిపోతున్నాయో లేదో తేల్చడానికి ట్రక్కును రోలర్ల మీద నిలబెట్టి, మోయగల సరుకులో సగం బరువు ఉన్నట్టు లెక్కగట్టి, కార్లకు వాడే సిటీ, హైవే పరీక్ష పద్ధతుల్లోనే దీన్నీ నడిపి, పొగ గొట్టంలోంచి ఎంత కార్బన్ డయాక్సైడ్ వచ్చిందో కొలుస్తారు. గాలన్ డీజిల్ కాలితే సుమారు 10.18 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఆ కొలత నుంచి గాలన్‌కి ఎన్ని మైళ్ళో తెలియాలంటే ఒక్క భాగహారం చాలు.

అంటే అంకె ఉంది. కంపెనీ దగ్గర ఉంది, ప్రభుత్వం దగ్గర ఉంది. డబ్బు కట్టేవాడు చూసే చోట మాత్రం లేదు. ఈ లేఖ మొత్తం ఈ ఒక్క ముక్క గురించే.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరసగా చెప్తాం.

1. కిరాయి లెక్క తప్పుతోంది. ఒక ట్రక్కు, ఒక గూస్‌నెక్ (ట్రక్కు తొట్టిలో తగిలించే) ట్రైలర్ పెట్టుకుని సరుకు లాగే మనిషిని తీసుకోండి. ఏడాదికి 30,000 మైళ్ళు లోడుతో తిరుగుతాడనుకుందాం. గాలన్‌కి 12 వస్తుందని ఎవరో చెప్పిన మాట మీద రేటు మాట్లాడుకుని, తీరా 10 వస్తే, 2,500 గాలన్లు అనుకున్నది 3,000 అవుతుంది. గాలన్ 4 డాలర్ల చొప్పున చూసినా 2,000 డాలర్లు జేబులోంచి పోయినట్టే. 2022 జూన్‌లో దేశ సగటు డీజిల్ ధర 5 డాలర్ల 80 సెంట్లు దాటినప్పుడు, ఈ తేడాయే దాదాపు 2,900 డాలర్లు. మైలుకు ఇంత అని ఒప్పుకున్నాక మధ్యలో పెంచమంటే లోడ్లు ఇప్పించే బ్రోకరు ఇంకో ట్రక్కు చూసుకుంటాడు. పెద్ద కంపెనీల దగ్గర వందల ట్రక్కుల రికార్డులు ఉంటాయి, వాళ్ళు తేల్చుకోగలరు. ఒక్క ట్రక్కు ఉన్నవాడికి మొదటి ఏడాది నష్టపోయాక గానీ తన అంకె తెలియదు.

2. డీజిలా పెట్రోలా అన్నది గుడ్డిగా తేల్చుకోవాల్సి వస్తోంది. డీజిల్ ఇంజన్‌కి సుమారు 10,000 డాలర్లు అదనం. అది తిరిగి వస్తుందా? ఉదాహరణకు ఎక్కువగా ఖాళీగా తిరిగే మనిషి, ఏడాదికి 15,000 మైళ్ళు, పెట్రోలు ట్రక్కు 12 ఇస్తే డీజిల్ 16 ఇచ్చిందనుకోండి. పెట్రోలు 3.25, డీజిల్ 3.75 డాలర్లు ఉంటే ఏడాదికి మిగిలేది 550 డాలర్ల లోపే. అసలు తిరిగి రావడానికి 18 ఏళ్ళు. అదే మనిషి ఏడాదికి 30,000 మైళ్ళు బరువు లాగుతూ, పెట్రోలు ట్రక్కు 7, డీజిల్ 10 ఇస్తే ఏడాదికి 2,600 డాలర్ల పైచిలుకు మిగులుతుంది, నాలుగేళ్ళలోపు తేరుతుంది. ఈ 12, 16, 7, 10 మేం వేసుకున్న అంకెలు. కొనేవాడు ఇలా ఊహించుకునే వేసుకోవాలి, వేరే దారి లేదు. ఊహ ఒక్క గీత అటూ ఇటూ అయితే జవాబే తిరగబడుతుంది. డెఫ్ ద్రవం ఖర్చు, అంటే కాల్చిన డీజిల్‌లో సుమారు 2 నుంచి 3 శాతం మేరకు పోయాల్సిన యూరియా నీళ్ళ ఖర్చు, ఇందులో కలపనే లేదు.

3. మైలేజీ తక్కువగా ఉండే బండ్ల దగ్గరే చిన్న తేడా పెద్ద డబ్బు. కారు 25 నుంచి 30కి పెరిగితే 100 మైళ్ళకు మిగిలేది గాలన్‌లో మూడింట రెండు వంతులు. ట్రక్కు 10 నుంచి 12కి పెరిగితే అదే 100 మైళ్ళకు దాదాపు 1.67 గాలన్లు మిగులుతుంది. అయిదు పెరిగినదాని కంటే రెండు పెరిగినది ఎక్కువ మిగిల్చింది. కారు కొనేవాడికి దశాంశాలతో సహా చూపించి, ట్రక్కు కొనేవాడికి ఏమీ చూపించకపోవడం న్యాయంగా ఉందా, మీరే చెప్పండి.

4. ఆప్షన్ల ఖర్చు ఎవరూ చెప్పరు. ఒకే ట్రక్కు మీద 3.42 యాక్సిల్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి దాన్ని తిప్పే షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) ఒకటి, 4.10 ఒకటి ఇస్తారు. అదే గేరులో, అదే వేగంలో 4.10 ఉన్న ట్రక్కులో ఇంజన్ దాదాపు 20 శాతం ఎక్కువ తిరుగుతుంది. బరువైన లోడుతో కొండలెక్కేవాడికి అది కావాల్సిందే, నెలకోసారి చిన్న ట్రైలర్ లాగేవాడికి అక్కర్లేదు. ఫోర్ వీల్ డ్రైవ్, వెనక నాలుగు చక్రాల డ్యూయలీ, ఎత్తు పెంచిన ఆఫ్‌రోడ్ ప్యాకేజీ, గళ్ళుగళ్ళుగా ఉండే పెద్ద టైర్లు, ప్రతిదానికీ ధర రాసి ఉంటుంది. అది జీవితాంతం తినే డీజిల్ మాత్రం రాసి ఉండదు. సేల్స్ మనిషిని అడిగితే "ఏముందండీ, ఒకటీ అరా తేడా" అంటాడు. పైన మూడో పాయింటులో చూశాం ఒకటీ అరా అంటే ఎంతో.

5. బండికి జబ్బు చేసిందో లేదో తెలియడం లేదు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాలో ఎక్కువమందికి టెన్షన్ ఇక్కడే.

కొత్త డీజిల్ ట్రక్కులో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి ఆ మసిని కాల్చేస్తుంది, దాన్నే రీజెన్ అంటాం. అది జరుగుతున్నంతసేపూ మైలేజీ పడిపోతుంది, అది సహజం. కానీ రీజెన్‌కీ రీజెన్‌కీ మధ్య దూరం తగ్గిపోతూ వస్తే, ఇంజెక్టర్ కారుతూ ఉండొచ్చు, ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చీలి ఉండొచ్చు, కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ మూసుకుపోతూ ఉండొచ్చు. వీటికి చాలాసార్లు మొదటి గుర్తు మైలేజీ తగ్గడమే, వార్నింగ్ లైటు తర్వాతెప్పుడో వెలుగుతుంది. మేం ఆ గుర్తు పట్టుకుని సర్వీస్ కౌంటర్‌కి వెళ్తే అడిగే మొదటి ప్రశ్న, "ఎంత రావాలనుకుంటున్నారు?" అని. దానికి మా దగ్గర జవాబు లేదు. అచ్చువేసిన అంకె ఉంటే, ఇది రావాలి, ఇందులో ఇంత శాతం తక్కువ వస్తోంది అని చూపించేవాళ్ళం. లేదు కాబట్టి "ఈ ట్రక్కులన్నీ ఇంతేనండీ" అనే మాటతో వెనక్కి వస్తున్నాం. వారంటీ ఉండగా తీరాల్సిన రిపేరు, వారంటీ అయిపోయాక మా ఖర్చు మీద పడుతోంది.

సరే, మనమే కొలుచుకుందాం అంటే అదీ అంత తేలిక కాదు. డాష్‌బోర్డు చూపించే సగటు చాలామంది ట్రక్కుల్లో నిజంగా వచ్చేదాని కంటే ఎక్కువ చూపిస్తుంది, చేతిలెక్కతో పోల్చిన ప్రతివాడూ చెప్పే మాటే ఇది. ఆ చేతిలెక్కలోనూ చిక్కుంది. డీజిల్ నురగ కడుతుంది. పంపు జోరుగా వదిలితే నురగ నాజిల్ దాకా పొంగి టక్కుమని ఆగిపోతుంది, ట్యాంకు నిండిందనుకుంటాం. కాసేపాగి, నాజిల్ సగం నొక్కి నెమ్మదిగా పోస్తే ఇంకో గాలన్, గాలన్నర పడుతుంది. 15 గాలన్లు పోసిన చోట గాలన్నర తేడా అంటే పదిశాతం తప్పు. అందుకే ఒక్క ట్యాంకు లెక్క నమ్మకూడదు, వరసగా చాలా ట్యాంకులు కలిపి, ఒకే పంపులో, ఒకే వాలులో బండి నిలబెట్టి చూడాలి. టైర్లు 33 అంగుళాల నుంచి 35కి మార్చి కంప్యూటర్‌లో సరిచేయకపోతే ఓడోమీటర్ దాదాపు ఆరు శాతం తక్కువ చూపిస్తుంది, నిజంగా తగ్గినదానికంటే ఎక్కువ తగ్గినట్టు కనపడుతుంది. పొద్దున్నే అయిదింటికి లోడ్ ఎక్కించుకోవాల్సిన మనిషి ఇవన్నీ ఎక్కడ చూసుకుంటాడు?

ఈ అయోమయం ఎక్కడికి దారితీస్తోందో కూడా మీకు తెలుసు. "ఆ ఫిల్టర్లు, ఆ డెఫ్ సామాను అంతా పీకేస్తే మైలేజీ పెరుగుతుంది" అని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. అది చట్టవిరుద్ధం, జనం ఊపిరితిత్తులకు చేటు. అయినా చేయించుకుంటున్నారు. 2020లో ఈపీఏ వెలువరించిన నివేదిక ప్రకారమే, అప్పటికి పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లకు ఈ పరికరాలు తీసేయించారు. అందులో అందరూ పొగ కక్కి వినోదించేవాళ్ళే కాదు. రిపేరు బిల్లులు భరించలేక, తన బండి ఎంత ఇవ్వాలో తెలియక, ఎవరో చెప్పిన అంకెను నమ్మి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అధికారికంగా నమ్మదగిన అంకె లేని చోట పీకేసేవాడు చెప్పే అంకే చెల్లుబాటవుతుంది.

6. సెకండ్ హ్యాండ్ కొనేవాడి గతి ఇంకా అధ్వాన్నం. కొత్త ట్రక్కు 70, 80 వేల డాలర్లు పెట్టలేనివాళ్ళే లక్ష మైళ్ళు తిరిగినది కొంటారు, డీజిల్ ఖర్చు వాళ్ళకే ఎక్కువ భారం. పాత కారుకైతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మోడల్, సంవత్సరం కొడితే అంకె వస్తుంది. ఈ ట్రక్కుకు అక్కడ పేజీయే లేదు.

ఇప్పుడు మీరు సాధారణంగా చెప్పే అభ్యంతరాలకు వద్దాం.

"ఖాళీగా ఒక రకం, లోడుతో ఇంకో రకం, ఒక్క అంకె వేస్తే జనాన్ని తప్పుదోవ పట్టించినట్టవుతుంది" అంటారు. నిజమే, ఈ ట్రక్కుల్లో తేడా కారు కంటే చాలా ఎక్కువ. ఖాళీగా హైవే మీద 18 ఇచ్చేది, గోడలాంటి ఎత్తైన క్యాంపర్ తగిలిస్తే 9కి దిగడం మాకు మామూలే. అందుకే రెండు అంకెలు వేయమంటున్నాం. కారు స్టిక్కర్ మీద కూడా "మీకు వచ్చేది మారవచ్చు" అని రాసే ఉంటుంది, అలా మారుతుందని ఎవరూ దాన్ని ఎత్తేయలేదు.

"లోడుతో కొలవడానికి అందరికీ ఒకే పద్ధతి లేదు" అంటారు. ఇది మేం ఒప్పుకోం. ఒకప్పుడు ఎంత లాగుతుంది అనే అంకె కూడా ఎవరికి తోచింది వాళ్ళు వేసుకునేవారు, ఏటా పోటీపడి పెంచుకునేవారు. తర్వాత ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ జె2807 అని ఒక ప్రమాణం తెచ్చింది. ట్రైలర్ ముందు వైశాల్యం ఎంత ఉండాలి, ఎంత వేడిలో, ఏసీ వేసుకుని, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు మీద కనీసం ఎంత వేగం నిలబెట్టుకోవాలి, అన్నీ అందులో రాశారు. మొదట్లో కొన్నాళ్ళు నాన్చినా చివరికి పెద్ద కంపెనీలన్నీ ఆ దారికి వచ్చాయి. లాగే శక్తికి అందరూ ఒప్పుకున్న పరీక్ష సాధ్యమైనప్పుడు, లాగేటప్పుడు తాగే డీజిల్‌కి ఎందుకు సాధ్యం కాదు? ఆ ట్రైలర్, ఆ మనుషులు, ఆ ట్రాకులు ఇప్పటికే ఉన్నాయి. సమతలం మీద ఒక స్థిరమైన వేగంతో ఇంకో పరుగు తీయించి గాలన్లు రాసుకోవడమే మిగిలింది.

"డ్రైవర్ల అలవాట్లే అసలు కారణం" అని ఇంకో మాట. ఇందులో నిజం లేకపోలేదు, మా వంతు మేం ఒప్పుకుంటాం. 75 మైళ్ళ వేగం నుంచి 65కి తగ్గితే గాలి నిరోధం దాదాపు 25 శాతం తగ్గుతుంది. ఇంజన్ ఆపకుండా గంటలకొద్దీ నిలబెట్టేవాళ్ళూ మాలో ఉన్నారు. కానీ 65లో ఎంత, 75లో ఎంత అని స్టిక్కర్ మీద కళ్ళెదుట ఉంటే, వేగం తగ్గించమని మీరు పెట్టే బోర్డుల కంటే అది బాగా పనిచేస్తుంది. ఎందుకంటే అప్పుడు డ్రైవర్‌కి ఆ పది మైళ్ళ ధర డాలర్లలో తెలుస్తుంది.

ఇక ప్రమాణాల లెక్కలో ఉన్న ఒక మెలిక గురించి కూడా. పికప్‌కి పెట్టే ఇంధన లక్ష్యం 'వర్క్ ఫ్యాక్టర్' మీద ఆధారపడుతుంది: మోసే సరుకు బరువులో 75 శాతం, లాగే బరువులో 25 శాతం కలిపి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే సరుకు వైపు ఇంకో 500 పౌండ్లు వేసి లెక్కగడతారు. పని ఎక్కువ చేసే బండికి కాస్త వెసులుబాటు ఇవ్వడం తప్పని మేం అనం. కానీ రేటింగ్ ఎంత పెంచితే లక్ష్యం అంత సడలుతుందన్న సంగతి, ఆ సడలింపు తన డీజిల్ బిల్లులో ఎంత అన్న సంగతి, 40,000 పౌండ్లు లాగుతుందని టీవీలో ప్రకటన చూసి కొనేవాడికి తెలియాలి కదా. ఆ మనిషి జీవితంలో 15,000 దాటి లాగకపోవచ్చు.

మా డిమాండ్లు ఇవి:

1. 8,500 నుంచి 14,000 పౌండ్ల మధ్య ఉన్న ప్రతి కొత్త పికప్ విండో స్టిక్కర్ మీద, 100 మైళ్ళకు ఎన్ని గాలన్లు అనేది పెద్ద అక్షరాల్లో, గాలన్‌కి ఎన్ని మైళ్ళు అనేది దాని పక్కన అచ్చువేయాలి. ప్రమాణాల కోసం చేసే పరీక్ష అంకెను ఉన్నదున్నట్టు వేస్తే రోడ్డు మీద వచ్చేదానికంటే ఎక్కువ కనపడుతుంది కాబట్టి, కార్ల స్టిక్కర్లకు 2008 మోడల్ నుంచి చేస్తున్న సవరణ లాంటిదే దీనికీ చేసి వేయాలి.

2. లోడుతో రెండో అంకె. జె2807 ట్రైలర్లనే వాడి, బరువూ వేగమూ ముందే నిర్ణయించి కొలవాలి. ఆ బరువు ఎంతో, వేగం ఎంతో స్టిక్కర్ మీదే రాయాలి.

3. యాక్సిల్ రేషియో, డ్రైవ్, టైర్లు మారితే అంకె మారాలి. ఒక మోడల్ కుటుంబం మొత్తానికి సగటు వేసి చేతులు దులుపుకోవద్దు.

4. డెఫ్ వినియోగం, రీజెన్ వల్ల పడే అదనపు డీజిల్ ఆ లెక్కలో కలిసి ఉండాలి, విడిగా కూడా చూపించాలి.

5. స్టిక్కర్ తప్పనిసరి చేయడానికి చట్టం మార్చాలంటే అందుకు కొంతకాలం పడుతుందని మాకు తెలుసు. ఈలోపు 2014 మోడల్ నుంచి ఇప్పటిదాకా మీ దగ్గర ఉన్న పరీక్ష ఫలితాలను, మామూలు మనిషి మోడల్ పేరు, ఇంజన్, సంవత్సరం కొట్టి వెతుక్కునేలా, కార్ల మైలేజీ ఉన్న వెబ్‌సైట్‌లోనే పెట్టండి. దీనికి కొత్త పరీక్ష అక్కర్లేదు.

6. కంపెనీలకు: మీకు ఏ చట్టం అడ్డు లేదు. రేపే మీ వెబ్‌సైట్‌లో వేయొచ్చు. మీ ట్రక్కు నిజంగా బాగా ఇస్తుంటే మొదట వేసినవాళ్ళకే లాభం.

7. డీలర్లకు: సర్వీస్ కౌంటర్‌లో "ఇన్ని ట్యాంకుల సగటు, ఈ లోడు, ఈ వేగం, ఇంతకంటే తక్కువైతే ఫలానా పరీక్షలు చేస్తాం" అని రాతపూర్వకంగా ఒక పద్ధతి పెట్టండి. నోటి మాటతో పంపేయకండి.

ఇవి ఖరీదైన కోరికలు కావు. మొదటి డిమాండులోనూ అయిదోదానిలోనూ ఉన్నది ఇప్పటికే ఉన్న కాగితాన్ని బయట పెట్టడమే. రెండోదానికి కొంత ఖర్చవుతుంది, నిజమే. ఒక కొత్త ఇంజన్ మీద మీరు పెట్టేదాంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

తోటి ట్రక్కు యజమానులకు, కొనబోయేవాళ్ళకు ఒక మనవి. బేరం మాట్లాడే ముందు డీలర్‌ని రాతపూర్వకంగా అడగండి: ఈ యాక్సిల్ రేషియోతో, ఈ టైర్లతో, ఖాళీగా 65లో ఎంత, 10,000 పౌండ్ల ట్రైలర్‌తో ఎంత. జవాబు రాకపోయినా అడిగిన మెయిల్ దాచుకోండి. ఉన్న ట్రక్కుకి ప్రతిసారీ మైళ్ళు, గాలన్లు, లోడు ఉందా లేదా, రీజెన్ అయిందా అన్నది ఒక షీటులో రాసుకోండి. ఆ షీట్లన్నీ కలిపి, ఈ లేఖతోపాటు మీ మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు పంపండి. 8,500 పౌండ్ల గీత చట్టంలోనే ఉంది కాబట్టి దాన్ని మార్చాల్సింది అక్కడే. పది మంది పంపితే పక్కన పెడతారు, నియోజకవర్గంలో ఉన్న ప్రతి రైతు, ప్రతి కాంట్రాక్టరు పంపితే పక్కన పెట్టలేరు.

అధికారులకు, కంపెనీల పెద్దలకు మళ్ళీ ఒక విన్నపం. ఈసారి ఆటోమేటిక్ మెయిల్ వద్దు. ఏడు డిమాండ్లకూ విడివిడిగా చేస్తాం, చేయం, ఎప్పటిలోగా చేస్తాం, చేయకపోతే ఎందుకు చేయం అని రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని, ఇక్కడే అందరికీ చూపిస్తాం.

ఇట్లు,
పెద్ద డీజిల్ పికప్‌లతో బతుకుతెరువు సాగించుకుంటున్నవారి తరఫున,
ఒక వన్ టన్ ట్రక్కు యజమాని